పుట్ట మీద మొలిచిందా, చెట్టు కింద మొలిచిందా? వానాకాలం పుట్టగొడుగుల మీద మీ ప్రశ్నలు

తొలకరి పడి ఇంకా రెండు వారాలు కాలేదు, ఈలోపే వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నిట్లో సగానికి పైగా ఒకటే సంగతి, అడవిలోనో పొలం గట్టునో ఏరుకొచ్చిన పుట్టగొడుగులు తినొచ్చా లేదా ఎలా తెలుసుకోవాలి అని. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. గులాబీ ఆకుల మీద మచ్చల గురించి, కుండీల్లో ఎరువు గురించి అడిగినవాళ్ళు ఏమీ అనుకోకండి, మీవి వచ్చే నెల తప్పకుండా రాస్తాను. ఇది మాత్రం వానలున్నప్పుడే చెప్పాలి, ఆగితే లాభం లేదు.

ప్రశ్న: నమస్తే మేడం. మాది ములుగు దగ్గర ఊరు. వానలు పడంగనే మా మామ అడివికి పోయి పుట్టగొడుగులు తెస్తడు. మా అత్తమ్మ వాటిని ఉడకబెట్టేటప్పుడు అండ్ల ఎల్లిగడ్డ ఏస్తది, ఎల్లిగడ్డ నల్లగైతే విషం, తెల్లగుంటే మంచియి అంటది. పక్కింటోళ్ళేమో వెండి పట్టీ ఏసి చూస్తరు. ఇంకొకరు చింతపండు పసుపు ఏస్తే విషమంత ఇరిగిపోతది అంటరు. పురుగులు తిన్నయైతే మనం గూడ తినొచ్చు అంటరు. నాకు ఇద్దరు చిన్న పిల్లలున్నరు, భయమైతది. వీటిల ఏది నమ్మాలె?

జవాబు: ఏదీ నమ్మొద్దమ్మా. ఒక్కటి కూడా వద్దు.

వెండి సంగతి చూడు. వెండి నల్లబడేది గంధకం తగిలితే. ఉడికిన కోడిగుడ్డు వెండి చెంచాతో తింటే చెంచా నల్లబడుతుంది, అంతమాత్రాన గుడ్డు విషం అయిపోదు కదా. మనుషుల ప్రాణం తీసే పుట్టగొడుగుల్లో ఉండే ముఖ్యమైన విషం పేరు అమటాక్సిన్, దానికీ వెండికీ ఏ సంబంధమూ లేదు, ఆ కూరలో పట్టీ వేసి గంటసేపు ఉడికించినా పట్టీ తళతళలాడుతూనే ఉంటుంది. ఎల్లిగడ్డ అయితే దాని రంగు దాని ఇష్టం, పులుపు తగిలితే ఒక్కోసారి పచ్చగా, నీలంగా తిరుగుతుంది, ఊరగాయలు పెట్టేవాళ్ళందరూ చూసినదే ఇది. విషం ఉందా లేదా అన్నది దానికి తెలియదు.

చింతపండు, పసుపు, ఉప్పు నీళ్ళు, మజ్జిగ, ఇవన్నీ విరుగుడు అనుకోవడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే అనుమానం ఉన్నదాన్ని కూడా ధైర్యంగా తినేలా చేస్తాయి. అమటాక్సిన్ వేడికి చెడదు, పులుపుకి చెడదు, ఎండబెట్టినా ఫ్రిజ్‌లో పెట్టినా చెడదు. పురుగులు, నత్తలు అయితే విషపు పుట్టగొడుగుల్ని కూడా హాయిగా తింటాయి, వాటి ఒళ్ళు వేరు మన ఒళ్ళు వేరు. కొంతమంది కోడికో కుక్కకో వేసి గంట ఆగి, ఏం కాలేదు కదా అని వండుకుంటారు, కానీ ఈ విషం మనిషిలో బయటపడడానికే కనీసం ఆరు గంటలు పడుతుంది, గంటలో కోడి ఏం చెప్తుంది చెప్పు. ఎర్రగా పచ్చగా ఉన్నవే విషం, తెల్లవి మంచివి అనేది కూడా ఇలాంటిదే, లోకంలో అన్నిటికంటే ఎక్కువమందిని చంపినవి తెల్లగా, లేత ఆకుపచ్చగా, చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉండేవే.

మరి ఇన్నేళ్ళూ మీ ఇంట్లో ఎవరికీ ఏం కాలేదేంటి అని నీకు అనిపిస్తుంది. దానికి కారణం మీ మామగారు. ఆయన చిన్నప్పటి నుంచి అదే అడవిలో, అవే పుట్టల దగ్గర, అదే రకం చూసి చూసి కళ్ళతోనే ఏరి తెస్తున్నాడు, కుక్కగొడుగుల్ని అక్కడే వదిలేసి వస్తున్నాడు. గిన్నెలోకి వచ్చేసరికే మంచివి వస్తున్నాయి కాబట్టి ఎల్లిగడ్డ ప్రతిసారీ తెల్లగానే ఉంటోంది, పేరు మాత్రం దానికొచ్చింది. రేపు మామగారికి చేతకానప్పుడు ఇంకెవరో కుర్రాడు వెళ్ళి దొరికినవన్నీ కోసుకొచ్చి, ఎల్లిగడ్డ ఉందిగా అని గిన్నెలో వేస్తాడే, నాకు భయం అక్కడ. నువ్వు చేయాల్సింది ఏంటంటే మామగారు అడవికి వెళ్ళేటప్పుడు వీలైతే వెంట వెళ్ళి, ఏది తెంపుతున్నాడో కంటే ఏది వదిలేస్తున్నాడో, ఎందుకు వదిలేస్తున్నాడో అడిగి తెలుసుకో. చాలామంది పెద్దవాళ్ళకి అడిగేదాకా చెప్పాలని తోచదు. పిల్లలు చిన్నవాళ్ళు అన్నావు, వాళ్ళకి మాత్రం అడవివి అసలు పెట్టకు, వాళ్ళ బరువుకి పెద్దవాళ్ళు తట్టుకునేంత కూడా ఎక్కువే అవుతుంది.

ప్రశ్న: నేను రంపచోడవరం వైపు ఒక ఊళ్ళో టీచర్‌ని అండి. ఇక్కడ వానాకాలంలో పుట్టకొక్కులు అందరిళ్ళల్లోనూ వండుతారు, సంతలో కుప్పలు పోసి అమ్ముతారు. ఈమధ్య ఎవరో అవగాహన కార్యక్రమం అని వచ్చి, అడవిలో మొలిచేవి ఏవీ తినొద్దు, ప్యాకెట్లో అమ్మేవే కొనుక్కోండి అని చెప్పి వెళ్ళారు. ఊళ్ళోవాళ్ళకి చాలా కోపం వచ్చింది, మా తాతల నాటి నుంచి తింటున్నాం మాకు చెప్తారా అని. ఇందులో ఎవరు రైటు అండి?

జవాబు: ఊళ్ళోవాళ్ళ కోపం నాకు అర్థమైంది మాస్టారూ, నిజం చెప్పాలంటే నేను చాలావరకు వాళ్ళ వైపే. పుట్టకొక్కులంటే ఏంటో తెలిసినవాళ్ళెవరూ అలా ఒక్క మాటలో కొట్టిపారేయరు.

మీ పిల్లలకి క్లాసులో చెప్పండి ఇది, ఎంత బాగుంటుందో. చెదపురుగులు ఆకులు, పుల్లలు నమిలి పుట్ట లోపల స్పాంజిలా చిల్లులు చిల్లులుగా ఉండే తెట్టెలు కడతాయి, ఆ తెట్టెల మీద ఒక రకం శిలీంధ్రాన్ని పెంచుతాయి, అచ్చం మనం పొలంలో పైరు పెట్టుకున్నట్టు. కట్టెలో చెదలకి అరగని గట్టి పదార్థాన్ని ఆ శిలీంధ్రం మెత్తబరుస్తుంది, దాన్ని చెదలు తింటాయి. మొదటి వానలకి నేల తడిసి ఉసిళ్ళు లేచే కాలంలోనే ఆ తెట్టెల నుంచి మొలక బయలుదేరి మట్టిని చీల్చుకుని పైకొచ్చి గొడుగు విప్పుతుంది. శాస్త్రంలో దాని పేరు టెర్మిటోమైసిస్. పుట్టా, చెదలూ, శిలీంధ్రం మూడూ కలిస్తేనే అది వస్తుంది, అందుకే షెడ్డులో బటన్ పుట్టగొడుగులు పెంచినట్టు దీన్ని పెంచి అమ్మడం కుదరట్లేదు, సంతలో దానికి అంత గిరాకీ కూడా అందుకే.

ఇందులో చాలా రకాలకి కాడ నేల పైన ఎంత ఉంటుందో లోపల అంతకంటే పొడుగ్గా, వేరులా సన్నబడుతూ కిందికి వెళ్తుంది, తెట్టె దాకా. గొడుగు నడినెత్తిన మొన తేలిన బుడిపె ఉంటుంది, అది మట్టిని పొడుచుకుని రావడానికి. కాడ మొదట్లో సంచి లాంటి పొర ఉండదు. మీ ఊరి పెద్దవాళ్ళు ఇవన్నీ ఇలా విడివిడిగా చెప్పలేకపోవచ్చు కానీ వాళ్ళ చేతికి తెలుసు, తెంపకుండా కర్రతో కిందిదాకా తవ్వి తీస్తారు చూడండి, అది ఊరికే వచ్చిన అలవాటు కాదు.

ఇక అవగాహన వాళ్ళ వైపు నుంచి ఆలోచించాల్సింది కూడా ఉంది. పుట్ట మీద మొలిచిందల్లా పుట్టకొక్కు కాదు. పుట్ట మట్టి మెత్తగా సారవంతంగా ఉంటుంది, ఇంకో రకం బీజం వచ్చి పడితే అక్కడా మొలుస్తుంది. గొడుగు విప్పని మొగ్గ దశలో చాలా రకాలు ఒకేలా గుండ్ల లాగా ఉంటాయి, అప్పుడు ఎంత అనుభవం ఉన్నవాళ్ళయినా పొరపాటు పడొచ్చు. పిల్లలు బడి నుంచి వస్తూ ఏరేసి సంచిలో పోసుకొచ్చి, ఇంట్లో అమ్మ పొయ్యి పొగలో వంచి చూసి వండేస్తుంది, ప్రమాదాలు ఇలాంటి చోటే వస్తాయి. కాబట్టి ఏరడం తెలిసినవాళ్ళే ఏరాలి, రకాలు కలపకూడదు, మొగ్గలు వదిలేయాలి. ఇంకో మాట, పుట్టకొక్కులు తెచ్చిన రోజే వండాలి, ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి ఒక పూట ఉంచితే చెమటపట్టి కుళ్ళు మొదలవుతుంది, మంచి పుట్టకొక్కు తినే వాంతులయ్యాయి అనేవాళ్ళలో కొందరికి అసలు కారణం ఇదే. బుట్టలో ఆకులు పరిచి తెచ్చే పాత పద్ధతే చాలా మంచిది.

ప్రశ్న: హాయ్ మేడం, మేము హైదరాబాద్‌లో కొత్తగా కట్టిన గేటెడ్ కమ్యూనిటీలో ఉంటున్నాం. వానలకి లాన్‌లో పెద్ద పెద్ద తెల్ల పుట్టగొడుగులు రింగులా గుండ్రంగా మొలిచాయి, ఒక్కోటి భోజనం ప్లేటంత ఉంది, పైన గోధుమరంగు పొలుసులు. ఫోన్‌లో ఒక ఆప్‌లో ఫోటో పెడితే తినదగ్గది అని వచ్చింది. ఆర్గానిక్ కదా, ట్రై చేయొచ్చా?

జవాబు: వద్దు బాబూ. ఫోటో పంపావు కాబట్టి, రింగులా మొలిచాయి అన్నావు కాబట్టి, అది దాదాపుగా క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్ అనే రకం అనుకుంటున్నా. వేడి దేశాల్లో లాన్లలో, పచ్చికలో, పెంటకుప్పల దగ్గర విపరీతంగా మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు గొడుగు కింద మడతలు తెల్లగానే ఉంటాయి, ముదిరాక బూడిద కలిసిన ఆకుపచ్చకి తిరుగుతాయి. దీన్ని తిని చచ్చిపోవడం అరుదు కానీ ఒకటి నుంచి మూడు గంటల్లో మొదలయ్యే వాంతులు విరేచనాలు మనిషిని పిండేస్తాయి.

ఇది నేను చదివి చెప్తున్నది కాదు. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో మేం నలుగురం హాస్టల్ వెనక మైదానంలో ఇలాంటివే కోసుకొచ్చి, పుస్తకంలో బొమ్మతో పోల్చి చూసుకుని, వెన్నలో వేయించుకుని తిన్నాం. రుచి చాలా బాగుంది. రెండు గంటలు తిరక్కుండా ఒకరి తర్వాత ఒకరం పడిపోయాం, అందులో ఒకమ్మాయికి రాత్రంతా సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. నలుగురం శిలీంధ్రాలు చదువుకుంటున్నవాళ్ళమే, మేం చూసినవి లేతవి, ఆకుపచ్చ రంగు ఇంకా రాలేదు, బొమ్మలో ఉన్న మంచి రకానికీ దీనికీ తేడా అదే. ఆ రాత్రి తర్వాత నేను ఏ పుట్టగొడుగునీ బొమ్మ చూసి తినలేదు.

ఆప్ కూడా బొమ్మ చూసేదే కదా. 2023లో ఆస్ట్రేలియాలో విష వైద్య నిపుణులు మూడు ఆప్‌లు తీసుకుని పరీక్షించారు, అందులో ఏ ఒక్కటీ సగం వాటిని కూడా సరిగ్గా గుర్తుపట్టలేదు. ఆప్ నీ ఫోటోలో గొడుగు పైభాగం చూస్తుంది, కాడ మొదలు మట్టిలో ఏముందో చూడదు, వాసన చూడదు, బీజాల రంగు చూడదు. పేరు తెలుసుకోవాలనే సరదాకి వాడుకో, దాని మాట మీద పొయ్యి మాత్రం వెలిగించకు.

ఆర్గానిక్ అన్నావు, అది కూడా ఒకసారి ఆలోచించు. పుట్టగొడుగులు నేలలో ఉన్న సీసం, కాడ్మియం, పాదరసం లాంటి లోహాల్ని పీల్చి దాచుకుంటాయి. కొత్త లేఅవుట్ మట్టి ఎక్కడి నుంచి తోలారో, లాన్‌కి ఏం మందులు కొడుతున్నారో ఎవరికి తెలుసు. రోడ్ల పక్కన, ఫ్యాక్టరీల దగ్గర మొలిచిన తినదగ్గ రకం కూడా తినకూడదనేది అందుకే. లాన్‌లో పిల్లలు ఆడుకుంటుంటే ముట్టుకుంటే ఏమవుతుందో అని కంగారు పడక్కర్లేదు, ముట్టుకుంటే విషం ఎక్కదు, నోట్లో పెట్టుకోకుండా చూసుకుంటే చాలు, లేకపోతే పొద్దున్నే తోటమాలితో పీకించి పారేయించండి.

ప్రశ్న: మేడం, మేము కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాం. అమ్మ నాన్న తెనాలి నుంచి వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. డిసెంబర్‌లో ఇక్కడ వానలు మొదలయ్యాక నాన్నగారు వాకింగ్‌కి వెళ్ళి ఓక్ చెట్ల కింద నుంచి ఒక కవర్ నిండా పుట్టగొడుగులు తెచ్చారు, అచ్చం మన గడ్డివాముల దగ్గర మొలిచేవే, చిన్నప్పుడు మా అమ్మ వండేది అని చాలా సంబరపడ్డారు. నేను గొడవపెట్టుకుని పారేయించాను, ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. ఈ ఏడాది మళ్ళీ వస్తున్నారు. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పు కాదు తల్లీ, నువ్వు ఆ రోజు మీ నాన్నగారి ప్రాణం కాపాడి ఉండొచ్చు. ఈ జవాబు ఆయనకి కూడా చదివి వినిపించు, ఆయన కోసమే కాస్త వివరంగా రాస్తున్నా.

అన్నయ్యగారూ, మీరు చిన్నప్పుడు తిన్నది వాల్వేరియెల్లా అనే రకం, వరిగడ్డి పుట్టగొడుగు. తడిసిన గడ్డి చివుకుతుంటే దాని మీద వస్తుంది, మొదట గుడ్డులా ఉంటుంది, ఆ గుడ్డు చీలి కాడా గొడుగూ బయటికి వస్తాయి, చీలిన పెంకు లాంటి పొర కాడ మొదట్లో సంచిలా మిగిలిపోతుంది. మీ జ్ఞాపకం నూటికి నూరుపాళ్ళు నిజం, మీ అమ్మగారు వండినదీ మంచి రకమే. కానీ మీరు ఇప్పుడున్న ఊళ్ళో ఓక్ చెట్ల కింద ఇంకొకటి ఉంది, దాని పేరు అమానిటా ఫల్లోయిడిస్, ఇంగ్లీషులో డెత్ క్యాప్ అంటారు. అది కూడా మొదట గుడ్డులానే ఉంటుంది, దానికీ కాడ మొదట్లో సంచి ఉంటుంది. అది ఆ నేలది కూడా కాదు, యూరప్ నుంచి తెచ్చిన మొక్కల వేళ్ళతో పాటు వచ్చి అక్కడి ఓక్ చెట్ల వేళ్ళకి అలవాటు పడిపోయింది. ఆసియా నుంచి వెళ్ళినవాళ్ళు దాన్ని వరిగడ్డి పుట్టగొడుగు అనుకుని తినడం ఇదేం మొదటిసారి కాదు, అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ డాక్టర్లు ఏళ్ళ తరబడి చూస్తున్నదే.

తేడాలు ఉన్నాయి, చెప్తాను. వరిగడ్డి పుట్టగొడుగుకి కాడ చుట్టూ ఉంగరం లాంటి పొర ఉండదు, ముదిరాక గొడుగు కింద మడతలు గులాబీ రంగుకి తిరుగుతాయి, అది గడ్డి మీద, చెత్త మీద వస్తుంది. డెత్ క్యాప్‌కి కాడ పైభాగంలో గౌను అంచులా వేలాడే తెల్ల పొర ఉంటుంది, మడతలు చివరిదాకా తెల్లగానే ఉంటాయి, అది బతికున్న చెట్ల వేళ్ళ దగ్గర వస్తుంది. ఇవి చెప్తున్నది మీరు పోల్చి చూసి తినమని కాదు. ఆ ఉంగరం వానకి ఊడిపోతుంది, కాడ మధ్యలో తెంపితే సంచి మట్టిలోనే ఉండిపోతుంది, గుడ్డు దశలో అయితే రెండిటికీ బయటి నుంచి తేడా పట్టడం చాలా కష్టం. ఒక్క పెద్ద గొడుగు చాలు ఒక మనిషికి, సగమైనా చాలొచ్చు. రుచి కూడా బాగుంటుందట, తిని బతికినవాళ్ళు చెప్పిన మాట అది, కాబట్టి నాలుక కూడా మనల్ని కాపాడదు.

2016 డిసెంబర్‌లో మీరుండే ఉత్తర కాలిఫోర్నియాలోనే 14 మంది దీని బారిన పడ్డారు. అందులో ఒక కుటుంబానికి ఆ పుట్టగొడుగులు ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి కొండల్లో కోసుకొచ్చి ఇచ్చాడు, వాళ్ళు కాల్చుకుని తిన్నారు, 18 నెలల పాప కూడా తింది. మొత్తం 14 మందిలో ముగ్గురికి లివర్ మార్చాల్సి వచ్చింది, ఆ పాపకి కూడా, ప్రాణం దక్కింది కానీ మెదడు దెబ్బతింది.

మీ కళ్ళు తెనాలి పొలాల్లో నేర్చుకున్నవి అన్నయ్యగారూ. అక్కడ మీరు చెప్పింది నేను వింటాను, కానీ ఆ కళ్ళు సముద్రం దాటాక కొత్తవైపోతాయి, అక్కడి పుట్టగొడుగుల్ని అవి ఎప్పుడూ చూడలేదు. అమ్మాయీ, నువ్వు ఒక పని చెయ్, అక్కడ ఆసియా కిరాణా కొట్లలో వరిగడ్డి పుట్టగొడుగులు డబ్బాల్లో దొరుకుతాయి, స్ట్రా మష్రూమ్స్ అని ఉంటుంది, నాన్నగారు దిగిన వారంలోనే తెచ్చి మీ నానమ్మ చేసినట్టు గసగసాలు నూరి వండి పెట్టు. ఆయన వెతుక్కున్నది ఆ రుచినే కదా.

ప్రశ్న: మాది పార్వతీపురం దగ్గర. పోయిన వానాకాలం మా చిన్నాన్న వాళ్ళింట్లో రాత్రి పుట్టగొడుగుల కూర తిన్నారు. తెల్లారుజామున ముగ్గురికీ వాంతులు విరేచనాలు. దగ్గర్లో ఒక చోట సెలైన్ పెట్టారు, సాయంత్రానికి తేరుకున్నారు, ఇంటికి పంపేశారు. మూడో రోజుకి చిన్నాన్నకి కళ్ళు పచ్చబడ్డాయి, కామెర్లు అని పసరు పోయించారు. తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది అన్నారు, పది రోజులు పోరాడి బయటపడ్డాడు కానీ మనిషి ఇంకా కోలుకోలేదు. తేరుకున్నాక మళ్ళీ ఎందుకలా అయింది?

జవాబు: మీ చిన్నాన్నగారు బయటపడ్డందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నా బాబూ. మీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను, ఎందుకంటే ఈ విషం ఎలా పనిచేస్తుందో దాదాపు గంట గంటకీ అందులో ఉంది.

అమటాక్సిన్ కడుపులోకి వెళ్ళిన ఆరు నుంచి పన్నెండు గంటల దాకా, ఒక్కోసారి 24 గంటల దాకా ఏమీ తెలియదు. రాత్రి తింటే తెల్లారుజామున మొదలవుతుంది, అప్పటికి అది రక్తంలో కలిసి లివర్‌కి చేరిపోయి ఉంటుంది. ఆ తర్వాత నీళ్ళలా విరేచనాలు, ఆగని వాంతులు. సెలైన్ పెడితే ఒకటి రెండు రోజుల్లో అవి తగ్గిపోతాయి, మనిషి లేచి కూర్చుని మజ్జిగన్నం అడుగుతాడు, ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. కానీ ఆ ఒకటి రెండు రోజులూ లోపల లివర్ కణాలు చచ్చిపోతూనే ఉంటాయి. మన కణాల్లో ప్రోటీన్ తయారీకి ఆర్డర్ రాసే ఒక ఎంజైమ్ ఉంటుంది, ఈ విషం వెళ్ళి దాన్ని పట్టేసుకుంటుంది, కొత్త ప్రోటీన్ లేక కణం ఎండిపోతుంది. పైగా లివర్ దాన్ని పైత్యరసంలో కలిపి పేగులోకి తోసినా పేగు మళ్ళీ పీల్చుకుని లివర్‌కే పంపిస్తుంది, అలా తిరుగుతూనే ఉంటుంది. మూడో రోజుకి కళ్ళు పచ్చబడడం అంటే అది మామూలు కామెర్లు కాదు, లివర్ చేతులెత్తేస్తోందని.

పసరు పోయించినవాళ్ళని నేను తిట్టను, కళ్ళు పచ్చబడితే మన ఊళ్ళల్లో ముందు గుర్తొచ్చేది అదే. కానీ పుట్టగొడుగులు తిన్న వారంలోపు కళ్ళు పచ్చబడితే ఒక్క గంట కూడా ఇంకెక్కడా ఆగకూడదు, ఇది మీ ఊళ్ళో అందరికీ చెప్పండి, ఈ పేజీ చించి గోడకి అంటించినా నాకు సంతోషమే.

లెక్క ఇలా గుర్తుపెట్టుకోండి. తిన్న రెండు మూడు గంటల్లో వాంతులు మొదలైతే చాలావరకు అది కడుపుని చెడగొట్టే రకం, ఆరు గంటలు దాటాక మొదలైతే లివర్‌ని తినే రకం అని అనుమానించి పెద్దాసుపత్రికే వెళ్ళాలి. తొందరగా మొదలైంది కదా అని పూర్తిగా నిశ్చింతగా ఉండడానికీ లేదు, ఎందుకంటే ఏరుకొచ్చిన సంచిలో రెండు రకాలూ కలిసి ఉండొచ్చు, మొదటిది తొందరగా బయటపడితే రెండోది వెనక వస్తుంది. ఆ కూర తిన్న ప్రతి ఒక్కరూ వెళ్ళాలి, ఏమీ కానివాళ్ళు కూడా. ఉప్పునీళ్ళు తాగించి కక్కించొద్దు. మిగిలిన కూర, తరిగి పారేసిన ముక్కలు, పచ్చివి ఏమైనా ఉంటే కాగితంలో చుట్టి తీసుకెళ్ళండి, ఎప్పుడు తిన్నారో, ఎన్ని గంటలకి మొదటి వాంతి అయిందో రాసుకుని వెళ్ళండి. డాక్టర్‌గారితో పుట్టగొడుగులు తిన్నాం అనే మాట ముందే చెప్పండి, చాలామంది బయట తిండి పడలేదు అని చెప్పి ఊరుకుంటారు. తేరుకున్నట్టు కనిపించినా లివర్ పరీక్షలు, రక్తం గడ్డకట్టే పరీక్ష రెండు మూడు రోజులు వరసగా చేయించమని అడగండి. 108 ఉండనే ఉంది, ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, దాని టోల్ ఫ్రీ నంబరు 1800 116 117, మీ డాక్టర్‌గారు కూడా దానికి ఫోన్ చేసి మాట్లాడొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళు 1 800 222 1222కి చేయాలి.

తొందరగా వెళ్తే చేయగలిగింది చాలా ఉంది, పేగులో తిరుగుతున్న విషాన్ని పట్టే బొగ్గుపొడి మందు ఇస్తారు, సెలైన్‌తో కిడ్నీల్ని కాపాడతారు, లివర్‌కి ఆసరాగా ఎసిటైల్ సిస్టీన్ లాంటి మందులు ఎక్కిస్తారు, మరీ చేయి దాటితే లివర్ మార్పిడి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో టీ తోటల దగ్గర అడవి పుట్టగొడుగులు తిని కొద్ది రోజుల్లోనే 13 మంది చనిపోయారు, చాలామంది తోట కూలీల కుటుంబాలవాళ్ళే. ఆ తోటలకి ఒకప్పుడు మీ విశాఖ, గంజాం వైపు నుంచి కూడా జనం కూలికి వెళ్ళారు, ఆ వార్త చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

ప్రశ్న: రోడ్డు పక్కన అమ్మే అడవి పుట్టగొడుగులు కొనొచ్చా? ఎండబెట్టినవైతే పర్వాలేదా? (సిద్దిపేట నుంచి)

జవాబు: ఏటా అదే చోట కూర్చుని అమ్మే మనిషి, మీకు తెలిసిన మనిషి, అన్నీ ఒకే రకం, కాడ మొదలుతో సహా ఉన్నవి అయితే మీ ఇష్టం. కాడలు కోసేసి కవర్లో కట్టినవి, రెండు మూడు రకాలు కలిసినవి, తడిసి మెత్తబడినవి వద్దు. ఎండబెట్టినవి అసలు వద్దు, ముడుచుకుపోయాక ఏది ఏదో నాక్కూడా తెలియదు, విషం మాత్రం ఎండదు. మొదటిసారి తినేవాళ్ళు బాగా ఉడికించి కొంచెమే తినండి, మంచి రకమైనా కొందరికి పడదు. మీ దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే ముత్యపు చిప్ప, పాల పుట్టగొడుగులు ఇంట్లో గడ్డి సంచుల్లో పెంచడం నేర్పిస్తారు, వానాకాలమంతా తినొచ్చు.

ప్రశ్న: మేడం, నేను డిగ్రీ బోటనీ సెకండియర్, ఆదిలాబాద్. స్పోర్ ప్రింట్ తీస్తే విషమా కాదా తెలిసిపోతుందని సీనియర్ చెప్పాడు. ఎలా తీయాలి?

జవాబు: స్పోర్ ప్రింట్ అంటే గొడుగు మడతల నుంచి రాలే బీజాల పొడి అచ్చు, తీయడం నేర్చుకో నాన్నా, చాలా మంచి అలవాటు, కానీ మీ సీనియర్ చెప్పిన దాంట్లో సగమే నిజం. గొడుగు బాగా విప్పుకున్న పుట్టగొడుగుని కాడ తీసేసి, మడతలు కిందికి వచ్చేలా కాగితం మీద బోర్లించు. కాగితం సగం తెల్లది సగం నల్లది అయితే ఏ రంగు పొడి రాలినా కనపడుతుంది. పైన గిన్నె బోర్లించి రాత్రంతా వదిలెయ్, పొద్దున తీసి చూస్తే మడతల అచ్చు ముగ్గు వేసినట్టు పడి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను ఆ కాగితాన్ని ఏడాది దాచుకున్నా.

ఆకుపచ్చ పొడి పడితే లాన్ గురించి అడిగిన అబ్బాయికి చెప్పిన రకం అది. తెల్లది పడి, కాడకి ఉంగరం, మొదట్లో సంచి ఉంటే అమానిటా, అంటే డెత్ క్యాప్ జాతి, అని అనుమానించు. చాక్లెట్ రంగు అయితే బటన్ పుట్టగొడుగు కుటుంబం కావచ్చు, అందులోనూ కడుపు చెడగొట్టేవి ఉన్నాయి. గులాబీ రంగు వరిగడ్డి పుట్టగొడుగుకి వస్తుంది, లేత గులాబీ పుట్టకొక్కుకీ వస్తుంది, ఎంటోలోమా అనే విషపు జాతికీ గులాబీయే వస్తుంది. చూశావా, ఈ పొడి వద్దు అని చెప్పగలదు కానీ తినొచ్చు అని ఎప్పుడూ చెప్పలేదు. అచ్చు వెనక తేదీ, ఏ చెట్టు కింద, ఏ మట్టిలో, ఊరి పేరు రాసి ఫైల్ చేసుకో. మీ జిల్లాలో గోండు, కొలాం గూడేల పెద్దవాళ్ళు దేన్ని ఏ పేరుతో పిలుస్తారో, దేన్ని వదిలేస్తారో కూడా పక్కనే రాయి, వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాయి. రెండు వానాకాలాలు రాశాక ఆ ఫైల్ నాకు పంపు, నేను చూస్తాను.